ఏడు దెబ్బలు, ఒక ఖాళీ

నరసాపురంలో సౌండ్ సిస్టమ్స్ కొట్టు ఎత్తేసేటప్పుడు
మోజేసు గారు రెండు వస్తువులు నా సైకిలు క్యారేజీకి కట్టారు:
మూత సరిగ్గా పడని ల్యాప్‌టాప్,
దానికి తగిలిస్తేనే పలికే బుల్లి కీబోర్డు,
ఎన్ని పెళ్ళిళ్ళ సాంబారు తాగిందో అది.
డబ్బులు పంటకి ఇస్తానన్నాను.
"రొయ్యకి రేటొస్తేనే కదా" అని నవ్వారు.

కాళీపట్నం అవతల ఎనిమిదెకరాల చెరువు మీద నా కాపలా.
తాటాకు పాక, ఒక బల్బు,
మేత బస్తాల మీద కీబోర్డు.
రాత్రి పదింటికి ట్రేలు చూసొచ్చి
మూడుసార్లు చేతులు కడుక్కుని కూర్చుంటాను,
అయినా మెట్లకి నీచు వాసన.

కుడి సగం పూర్తిగా పోయింది.
ఎడమ సగంలో తెల్లమెట్లు ఏడుంటే
నాలుగోదీ ఏడోదీ ఎంత బతిమాలినా పలకవు.
నల్లవాటి జోలికి పోయే ధైర్యం లేక
మిగిలిన అయిదింటితోనే నెల రోజులు తిరిగాను.
పక్క చెరువు సుబ్బన్న మావ బీడీ ఆపి
"మోహనం వాయిస్తున్నావురా" అన్నాడు.
ఒకప్పుడు భజనల్లో హార్మోనియం మనిషి.
నాకు తెలీదు మావా, ఉన్నవి అవే అన్నాను.
"రాగాలన్నీ అంతేరా" అన్నాడు గానీ
అది నిజమో, నన్ను ఊరుకోబెట్టడానికో.

మొదట్లో ఏడిపించింది ఆలస్యం.
మెట్టు ఇప్పుడు నొక్కితే
మోత ఆ తర్వాతెప్పుడో.
చిన్నప్పుడు వశిష్ఠ ఒడ్డున నిలబడి చూసేవాణ్ణి:
అవతలి రేవులో పడవకి మేకు దిగేది,
సుత్తి మళ్ళీ పైకి లేచాక గానీ
ఠంగుమని ఇవతలికి వచ్చేది కాదు చప్పుడు.
ఎక్కడో ఒక అంకె తగ్గించమన్నారు మోజేసు గారు ఫోనులో.
తగ్గించాను. గోదావరి వెడల్పంతా
నా వేలికీ చెవికీ మధ్యనుంచి తప్పుకుంది.

ఫిల్టరు సంగతి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.
కాలవలో బుడుంగున మునిగినప్పుడు
గట్టు మీది మైకులో మాటలు కరిగిపోయి
గుమ్ము గుమ్మనే అడుగు ఒక్కటే చెవుల్లో మిగుల్తుంది చూడండి,
అదే.
ఎడమకి తిప్పితే మునక, కుడికి తిప్పితే తల పైకి.

అసలు కథ మూడో ఏరేటరుది.
చక్రానికి ఎనిమిది రెక్కలు, ఒకటి విరిగింది.
తప్ తప్ తప్ తప్ తప్ తప్ తప్
తర్వాత నీళ్ళు ఊపిరి బిగబట్టినంత ఖాళీ.
ఫోనుకి కవరు చుట్టి, వెదురుకి కట్టి
నీళ్ళ మీదికి చాపి పట్టుకున్నాను.
ఆ తుంపర్లు, ఆ ఖాళీ, వెనకాల ట్రాన్స్‌ఫార్మరు తంబూరా
పచ్చటి గీతలై తెర మీద పరుచుకున్నాయి.
ఒక్క మీట నొక్కితే కంప్యూటరు
దెబ్బలన్నిటినీ గళ్ళలోకి తోసి
నాట్లు వేసే మెషీను లాగా వరస కట్టేసింది.
చక్కగా ఉంది. అందులో ఏమీ లేదు.
వెనక్కి తెచ్చాను. మళ్ళీ కుంటింది,
మళ్ళీ నా ఒళ్ళు జలదరించింది.

ఆ పనిలో ఉండగానే ఒక రాత్రి, మూడున్నరకి
తంబూరా తెగిపోయింది. కరెంటు.
హెడ్‌ఫోను పీకి పారేసి జనరేటరు దగ్గరికి పరిగెత్తాను.
హ్యాండిలు తిప్పితే దగ్గింది, మూలిగింది,
చెరువు మీద చక్రాలు ఒక్కొక్కటే గొంతు సవరించుకుని
ఎక్కి ఎక్కి ఒకచోట నిలబడ్డాయి,
ఉండాల్సిన చోటికి అరస్వరం కింద.
ఆ తక్కువ నాకు వినపడ్డం అదే మొదటిసారి.
బెల్టు వదులైందని టార్చి వేశాక తెలిసింది.
తెల్లారేసరికి రొయ్య ఒక్కటీ పైకి తేలలేదు.
ఓనరు గారికి చెబితే
"జీతం పెంచమనడానికి కొత్త పాటా" అన్నారు, ఆయ్.

మొన్న మంగళవారం మెకానిక్కు వచ్చి
మూడో చక్రానికి కొత్త రెక్క బిగించాడు.
ఎనిమిదీ సమంగా పడుతున్నాయి ఇప్పుడు.
నీళ్ళకి మంచిది, రొయ్యకి మంచిది.

నేను పాకలోకొచ్చి ల్యాప్‌టాప్ మూత ఎత్తి
ఏడు దెబ్బలూ విని
ఖాళీ వచ్చే చోట
చచ్చిపోయిన నాలుగో మెట్టు మీద వేలు ఆనించాను.